గీత చెరిపింది ఎవరు?

గ్యాస్ బండ రాలేదని గూగుల్ సెర్చ్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతకడం, అవతలివాడు వాట్సాప్‌లో పంపిన ఏపీకే ఫైలు (ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు) నొక్కడం, ఖాతా ఊడ్చుకుపోవడం. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ఇది కొత్త కథ కాదు. మోసగాణ్ని తిడుతున్నాం. మోసపోయినవాణ్ని అంతకన్నా ఎక్కువ తిడుతున్నాం. ఆ నంబరును తెచ్చి అందరికన్నా పైన కూర్చోబెట్టిన సెర్చ్ ఇంజిన్‌ను మాత్రం ఎవరూ పల్లెత్తు మాట అనడం లేదు.

ఉచిత సేవ ప్రకటనలు లేకుండా ఎలా నడుస్తుందని, దొంగ ప్రకటనలను తొలగిస్తూనే ఉన్నామని సంస్థలంటాయి. సరే, పత్రికలూ ప్రకటనలతోనే బతుకుతున్నాయి. కానీ వార్తకూ ప్రకటనకూ మధ్య గీత ఉంటుంది. గూగుల్‌లోనూ ఒకప్పుడు ప్రకటనల వెనక లేత రంగు పట్టీ ఉండేది. 2013-14లో అది పోయింది. ఇప్పుడు మిగిలింది ‘స్పాన్సర్డ్’ (డబ్బు కట్టి పెట్టించినది) అనే మాట ఒక్కటే. కళ్లజోడు మరిచిపోయిన మనిషికి అదీ లేనట్టే.

ప్రకటనల డబ్బుతో నడిచే సెర్చ్ ఇంజిన్ జనం వైపు కాక ప్రకటనదారుల వైపే మొగ్గుతుందని 1998లో పరిశోధన పత్రంలో రాసింది ఎవరో కాదు, గూగుల్ స్థాపకులు బ్రిన్, పేజ్‌లే. మూడేళ్లు తిరక్కుండానే, 2000లో, ప్రకటనల దుకాణం తెరిచారు. ఫోన్లలో, బ్రౌజర్లలో ముందుగా తామే ఉండడానికి 2021 ఒక్క ఏడాదే 2,630 కోట్ల డాలర్లు చెల్లించారు. అది చట్టవిరుద్ధ గుత్తాధిపత్యమని 2024 ఆగస్టులో అమెరికా కోర్టు తేల్చింది. తప్పని తెలిసీ చేసినవాణ్ని అమాయకుడనలేం.

ముత్తుకూరు దగ్గర చెరువులో రొయ్యకు తెల్లమచ్చ పడితే రైతు ‘మందు’ అని వెతుకుతాడు. అది వైరస్, దానికి మందు లేదు. ఆ ఒక్క ముక్క ముందు కనబడాలి. సీసాలు అమ్మేవాళ్ల లింకులు దాటుకుని అక్కడికి చేరేసరికి పక్క చెరువుకూ అంటుకుంటుంది.

మారడం కష్టం కాదు. ఫోన్‌లో క్రోమ్ తెరిచి, మూడు చుక్కలు నొక్కి, సెట్టింగ్స్‌లో ‘సెర్చ్ ఇంజిన్’ దగ్గర గూగుల్ బదులు డక్‌డక్‌గో అనే మరో సెర్చ్ ఇంజిన్‌ను ఎంచుకుంటే చాలు. దానిలోనూ ప్రకటనలుంటాయి, కాకపోతే సెట్టింగ్స్‌లో ఆపేసుకోవచ్చు. దాని లింకులు ఎక్కువగా మైక్రోసాఫ్ట్ వాళ్ల బింగ్ నుంచి వస్తాయి కనుక తెలుగులో వెతికితే కాస్త వెలితిగానే ఉంటుంది. బ్రేవ్ అనే ఇంకో సెర్చ్ ఇంజిన్‌కు సొంత సూచిక (వెబ్ పేజీల జాబితా) ఉంది. గూగుల్‌నే వాడక తప్పదంటే పైన వరసలో ‘వెబ్’ నొక్కితే ఏఐ సారాంశాలు తప్పుకుంటాయి. భూమి రికార్డులు అడంగల్, 1బి కోసం ‘మీ భూమి’ సైటు వెతికేటప్పుడు చిరునామా చివర జీఓవీ.ఇన్ (gov.in) ఉందా లేదా చూడాలి. మధ్యలో ‘జీఓవీ’ ఉండి చివర ‘కామ్’ (.com) ఉంటే అది సర్కారుది కాదు. బ్యాంకు నంబరు కార్డు వెనకే ఉంటుంది. గ్యాస్ లీకైతే 1906. డబ్బు పోతే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930.

ఇక మన ఆఫీసుల సంగతి. కౌంటర్ దగ్గర నంబరు అడిగితే “గూగుల్‌లో కొట్టి చూసుకో” అని పంపించేస్తున్న సిబ్బందికి ఒక ప్రశ్న. అలా వెళ్లినవాడు ఎవడి చేతిలో పడుతున్నాడో మీకు తెలియదా? గోడ మీద మంత్రుల ఫొటోలకు చోటుంది. పది అంకెలకు లేదా?