ఒంటి చెవి మావయ్య గారు

మా మావయ్య గారి షష్టిపూర్తికి ఆయన ముఖచిత్రాన్ని క్రాస్ స్టిచ్‌లో (గళ్ల గుడ్డ మీద గడికో ఇంటూ గుర్తు వేసే కుట్టులో) కుట్టి ఇవ్వాలన్న ఆలోచన నాకు సంక్రాంతి సెలవుల్లో కలిగింది. ముహూర్తం శ్రావణంలో గనుక ఏడు నెలల వ్యవధి ఉంది. పూర్వం మా అత్తయ్య గారు మ్యాటీ గుడ్డ మీద కుట్టిన రామచిలుకల జంట ఇప్పటికీ హాల్లో అద్దం వెనుక కూర్చుని నన్ను చిన్నచూపు చూస్తూ ఉంటుంది. ఆ చిలుకలను తలదన్నే పని ఒకటి చేయాలన్న పంతం కూడా లోపల లేకపోలేదు. అయితే ఆవిడలాగా గళ్ల కాగితం మీద పెన్సిలుతో బొమ్మ గీసుకునే నేర్పు నాకు లేదు కాబట్టి, ఫోటో ఇస్తే కుట్టు నమూనాగా మార్చి ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఒకటి కంప్యూటర్‌లోకి దించుకున్నాను.

ఫోటో ఇవ్వగానే అది క్షణంలో మావయ్య గారిని గళ్లుగళ్లుగా కోసి, 90 రంగుల దారాలు కొనమని జాబితా చూపింది. ఒక్క మీసానికే పదకొండు రకాల నలుపులు కావాలట. ఆ ఫోటో మా మరిది పెళ్లిలో ఆకుపచ్చ షామియానా కింద తీసినది. మనుషులు చూసీ చూడనట్లు వదిలేసే ఆ పచ్చటి నీడను యంత్రం మాత్రం నిజాయితీగా పట్టుకుని, బుగ్గల నిండా ఒక్కో గడికి ఒక్కో రంగు చొప్పున తలంబ్రాలు చల్లింది. రంగులను 24కు తగ్గించాక ఆయన మళ్లీ మా మావయ్య గారయ్యారు. అడ్డం 168 గళ్లు, నిలువు 224, వెరసి 37,632 కుట్లు. గంటకు నూరు చొప్పున వేసినా 376 గంటల పని. పూర్తయ్యాక బొమ్మ 12 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు ఉంటుందని కూడా అది లెక్క కట్టింది. ఆ లెక్క పక్కనే 'అంగుళానికి 14 గళ్లు' అని ముందే నింపి ఉన్న చిన్న పెట్టె జోలికి నేను పోలేదు.

బీసెంట్ రోడ్డులో గుడ్డ కొనేటప్పుడు దుకాణదారు "చిన్న గళ్లదా అమ్మా, పెద్ద గళ్లదా?" అని అడిగాడు. "కళ్లకు శ్రమ లేనిది ఇవ్వండి" అన్నాను. నాలుగు వైపులా రెండేసి అంగుళాలు వదిలేలా 16 అంగుళాల వెడల్పు, 20 అంగుళాల పొడవు కత్తిరించుకుని, అందరూ నిద్రపోయాక, ఆరు పోగుల దారంలోంచి రెండేసి పోగులు విడదీసుకుంటూ, ఎడమ పై మూల నుంచి మొదలుపెట్టాను.

ఎడమవైపు పట్టీ కిందిదాకా వచ్చేసరికి గుడ్డ అయిపోయింది గానీ నమూనాలో ఇంకా 26 వరుసలు మిగిలి ఉన్నాయి. బుద్ధి ఉన్న మనిషి అయితే అక్కడ ఆగేది. కత్తెర వంకర పోయి ఉంటుందని దాని మీద నెపం వేసి, కింద ఉన్నది చొక్కాయే కదా, ఒక బొత్తాం తగ్గితే మావయ్య గారి గౌరవానికి వచ్చే లోటేమీ లేదని సమాధానపడి, మరో నాలుగు నెలలు కుడివైపుకు సాగిపోయాను. ఆషాఢంలో అంచుకు చేరుకున్నాను. ఇంకా 14 గళ్లు కావాలి. ఆ 14 గళ్లలోనే ఆయన ఎడమ చెవి పూర్తిగా ఉంది.

దిక్కుతోచక అత్తయ్య గారి ముందు పరిచాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, టేపు ఆనించి, బొటనవేలి గోటితో గళ్లు లెక్కపెట్టి, "అంగుళానికి పదకొండే కదమ్మా ఉన్నాయి! మీ కంప్యూటర్ గుడ్డను చూడలేదా?" అన్నారు. తరువాత, గుడ్డను నాలుగు మడతలు వేసి నడిమధ్య గుర్తు పెట్టుకుని అక్కడి నుంచి కుట్టుకు రావాలని తనకు పదో ఏటే నేర్పారని చెప్పారు. అలా వచ్చి ఉంటే గుడ్డ అడ్డంగా అంచుల దాకా సరిపోయి రెండు చెవులూ దక్కేవన్న సంగతి నాకు తట్టింది గానీ, పైకి అనలేదు.

చివరికి ఆవిడే తన పాత పట్టుచీర జరీ అంచు కత్తిరించి నాలుగు పక్కలా వేసి కుట్టారు. షష్టిపూర్తి నాడు తెర తీయగానే అందరూ మెచ్చుకున్నారు, ఒక పెద్దావిడ మాత్రం దగ్గరికి వెళ్లి పరిశీలనగా చూసి, "రెండో చెవి ఏదమ్మా?" అని అడిగింది.

"పోనివ్వండి వదినా, ఆ చెవితో ఆయన నా మాట ఏనాడు విన్నారు గనుక" అన్నారు అత్తయ్య గారు.

పీటల మీద ఆవిడ పక్కనే కూర్చున్న మావయ్య గారు ఇటు తిరిగి, "ఏమిటీ?" అన్నారు.