సపోర్ట్ పనిని శాతాల్లో లెక్కపెట్టొద్దు

హైటెక్ సిటీ, గచ్చిబౌలి ఆఫీసుల్లో ప్రాజెక్ట్ ప్లాన్ తెరిస్తే తరచూ ఒక వరుస కనిపిస్తుంది: ప్రొడక్షన్ సపోర్ట్ (వాడుకలో ఉన్న సాఫ్ట్‌వేర్‌లో వచ్చే సమస్యలను సరిచేసే పని), మొదలు ఏప్రిల్ 1, ముగింపు మార్చి 31. సెప్టెంబరు నెలాఖరుకి దాని ఎదురుగా 50 శాతం పూర్తి అని పడుతుంది. పూర్తయింది పని కాదు, ఆరు నెలల కాలం. ఈలోగా ఎన్ని ఫిర్యాదులొచ్చాయో, ఎన్ని తీరాయో, ఏది నెల రోజులుగా మూల పడి ఉందో ఆ వరుసలో దొరకదు.

కొత్త ఫీచర్ కట్టినవాళ్ల కష్టం డెమోలో అందరికీ కనబడుతుంది. అర్ధరాత్రి పేమెంట్లు ఆగిపోతే లేచి సరిచేసిన అమ్మాయి టైమ్‌షీట్‌లో మాత్రం 'సపోర్ట్, 8 గంటలు' అని ఉంటుంది. అప్రైజల్‌లో ఆమె చూపించుకోవడానికి ఏమీ మిగలదు. ఇది అన్యాయం.

వచ్చిన ప్రతి రిక్వెస్ట్‌నీ విడి పనిగా రాయాలి. వచ్చిన తేదీ, మొదలుపెట్టిన తేదీ, ముగిసిన తేదీ. ఈ మూడూ ఉంటే చాలావరకు తెలిసిపోతుంది.

ఇందుకు నిదర్శనం మన ఊళ్లోనే ఉంది. 2004లో మైక్రోసాఫ్ట్ అంతర్గత సాఫ్ట్‌వేర్‌కు మార్పులు చేసిపెట్టే చిన్న టీమ్ ఒకటి హైదరాబాద్ నుంచి పనిచేసేది. ఒక్కో రిక్వెస్ట్ తీరడానికి దాదాపు ఐదు నెలలు పట్టేది. మేనేజర్ డ్రాగోస్ డుమిత్రియు, సాఫ్ట్‌వేర్ నిర్వహణ నిపుణుడు డేవిడ్ ఆండర్సన్ సలహాతో లెక్క తీస్తే అసలు కారణం బయటపడింది. మనుషుల్లో లోపం లేదు. వచ్చిన ప్రతిదానికీ ముందు ఎస్టిమేట్ (ఎంత పని పడుతుందన్న అంచనా) ఇవ్వాలన్న నియమమే మూడో వంతు సమయాన్ని తినేస్తోంది. ఎస్టిమేట్లు మానేశారు. క్యూలో కొన్నే ఉంచి, ఒకటి ముగిశాకే ఇంకొకటి తీసుకున్నారు. టీమ్ కూర్పు కూడా కొంత మార్చారు. తొమ్మిది నెలల్లో ఆ ఐదు నెలలు రెండు వారాలకు దిగాయి.

ఎస్ఎల్ఏ (ఎంతలోగా తీరుస్తామని ఇచ్చిన మాట) రిపోర్ట్ ఉందిగా అంటారు. టికెట్‌ను, అంటే నమోదైన ఫిర్యాదును, 'యూజర్ జవాబు కోసం' అన్న స్టేటస్‌లోకి నెడితే చాలాచోట్ల ఆ గడువు లెక్కించే గడియారం ఆగిపోతుంది. అవతల బ్యాంకు కౌంటర్ దగ్గర నిలబడ్డ మనిషికి మాత్రం టైమ్ ఆగదు. అందుకే వచ్చిన తేదీ నుంచే లెక్కపెట్టాలి.

స్ప్రింట్‌లో (కొద్ది వారాల పని విడతలో) సపోర్ట్‌కి 20 శాతం అని ఉజ్జాయింపుగా రాసేకన్నా, గత మూడు నెలల తేదీలు చూసి వారానికి ఎన్ని వస్తున్నాయో, ఎంతసేపు పడుతోందో గమనించి ఆ మేరకు మనుషులను ముందే కేటాయించండి. ఒకే లోపం మీద పదే పదే టికెట్లు వస్తుంటే, దాన్ని పూర్తిగా సరిచేసే పనిని డెవలప్‌మెంట్ ప్లాన్‌లో చేర్చండి, కనిపెట్టిన సపోర్ట్ ఇంజినీర్ పేరుతోనే.