ఆవకాయ జాడీకి సీటు బెల్టు

ఆషాఢంలో ఇల్లు మారకూడదన్న నియమాన్ని మనవాళ్ళు ఎంత నిష్ఠగా పాటిస్తారో తెలుసుకోవాలంటే శ్రావణమాసం మొదటి వారంలో తెల్లవారుజామున హైదరాబాదు రోడ్ల మీదికి వెళ్ళి చూడాలి. నెల రోజులు ఓపికపట్టిన కుటుంబాలన్నీ ఒకే ముహూర్తానికి కదులుతాయి కనుక బీరువాలనూ మంచాలనూ తులసికోటలనూ ఎత్తుకున్న ట్రాలీలు బారులు తీరుతాయి, వాటి కిరాయి కూడా అంతకు ముందు వారం ఉన్నదానికి రెట్టింపై కూర్చుంటుంది. మా బావగారు నల్లకుంట నుంచి నిజాంపేటకు ఇల్లు మారవలసి వచ్చింది సరిగ్గా ఆ వారంలోనే.

బావగారు జూనియర్ కళాశాలలో గణితం చెబుతారు. అన్యాయమనిపించే అంకె వినబడితే ఆయన కోప్పడరు. చిరునవ్వు నవ్వి, అది తప్పని నిరూపించడానికి కాగితం తీసుకుంటారు. సామాను మొత్తం చేరాలంటే రెండు ట్రిప్పులు పడుతుందని ట్రాలీ అతను చెప్పగానే ఆయన అదే చిరునవ్వు నవ్వి, ఒక్క ట్రిప్పే మాట్లాడుకుని, మిగిలిన సామానంతా తన ఆల్టో కారులోనే తెస్తానని ప్రకటించారు. ఆ రాత్రి భోజనాలయ్యాక టేపు పట్టుకుని డబ్బాలన్నీ కొలిచి, డిక్కీ 177 లీటర్లనీ, వెనుక సీటు మడిస్తే అంతకు కొన్ని రెట్లు పెరుగుతుందనీ, పైకప్పు మీద ఎత్తుకు పరిమితే లేదనీ లెక్క తేల్చారు. ఆ లెక్కలో ఘనపరిమాణం ఉంది కాని బరువు లేదు. ఇంజనీరింగు రెండో సంవత్సరం చదువుతున్న మా మేనల్లుడు అది గమనించి, అంత చిన్న కారు నడిపేవాడితో కలిపి మోయవలసింది సుమారు నాలుగు వందల కిలోలేనని చెప్పబోయాడు. "పుస్తకాలంటే కాగితాలేగా!" అని బావగారు ఆ చర్చను అక్కడితో ముగించారు.

తెల్లవారుతూండగా అక్కా, అక్క అత్తగారూ దేవుడి పటాలతో, పసుపు కుంకుమలతో, పాలగిన్నెతో ట్రాలీ ముందు సీటులో కూర్చుని బయలుదేరారు. ఫ్రిజ్‌ను పడుకోబెట్టకూడదని, పడుకోబెడితే కంప్రెసరులోని నూనె గొట్టాల్లోకి పాకుతుందని ట్రాలీ అతనే చెప్పి దాన్ని నిలబెట్టి కట్టాడు. గ్యాస్ సిలిండరును కారులో అడ్డంగా దొర్లిద్దామని బావగారు అన్నప్పుడు అక్క మారుమాట్లాడకుండా దాన్ని కూడా ట్రాలీలోనే, గాలి ఆడే చోట నిలువుగా పెట్టించింది. మహాతల్లి ఆ ఒక్క పని చేసి వెళ్ళకపోయి ఉంటే ఇది హాస్యవ్యాసం అయ్యేది కాదు.

ఇక కారు వంతు వచ్చింది. బరువైన వాటిని అడుగున, ముందు సీట్లకు ఆనించి పెట్టాలనీ, తేలికైనవి పైన సర్దాలనీ హమాలీ పని చేసేవాడెవడైనా చెబుతాడు. బావగారు మాత్రం ఆకారాన్ని బట్టి సర్దారు. దిండ్లూ బక్కెట్లూ అడుగుకు చక్కగా అమరాయి కనుక అడుగున చేరాయి. పుస్తకాల అట్టపెట్టెలు పైన మిగిలిన ఖాళీకి సరిపోయాయి కనుక పైకెక్కాయి. అద్దంలోంచి వెనుక రోడ్డు కనిపించకపోవడాన్ని ఆయన ఖాళీ వృథా కాలేదనడానికి రుజువుగా తీసుకున్నారు. మరునాటి ఇడ్లీల కోసం అక్క రుబ్బి ఉంచిన పిండి, ఫ్రిజ్ వెళ్ళిపోవడంతో దిక్కులేనిదై, స్టీలు గిన్నెలో మూత వేసుకుని అట్టపెట్టెల నెత్తిన కూర్చుంది. వెనుక చక్రాల టైర్లు నేలకు పరుచుకున్నాయి, బానెట్టు మాత్రం ఆకాశంకేసి చూస్తోంది. నిండు బరువుకు టైర్లలో గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు దగ్గర అంటించి ఉంటుందని మేనల్లుడు చూపించబోయేసరికి ఆ తలుపుకు అడ్డంగా అప్పటికే చీపుళ్ళ కట్ట నిలబడి ఉంది.

ఆవకాయ జాడీ సంగతి వేరు. ఆ వేసవిలో పెట్టిన ఆవకాయ, మెడ దాకా నూనె తేలి, తెల్లటి గుడ్డతో వాసెన కట్టి ఉంది. దాన్ని ట్రాలీలో కుదుపులకు వదలడానికి అత్తగారు ఒప్పుకోక, కొడుకు చేతికి అప్పగించి, "నీ పక్కనే పెట్టుకో నాయనా" అని మరీ వెళ్ళారు. బావగారు దాన్ని డ్రైవరు పక్క సీటులో కూర్చోబెట్టి తాళం తిప్పగానే కారు కూతపెట్టడం మొదలుపెట్టింది. 2019 జులై తరువాత మన దేశంలో తయారైన కార్లన్నింటికీ ముందు సీట్లలో బెల్టు గుర్తుచేసే గంట తప్పనిసరి. సీటు మీద బరువు పడితే దానికి మనిషికీ మాగాయకూ తేడా తెలియదు. జాడీని దించమంటే అత్తగారి ఆన అడ్డొచ్చింది. చివరికి బెల్టు లాగి, జాడీ నడుముకూ మెడకూ ఐమూలగా బిగించి, టక్కుమనిపించాక గాని కారు ఊరుకోలేదు. బావగారి సీటు నుంచి కూత రాకపోవడానికి కారణం వేరే ఉంది. ఆయన తన బెల్టును కారు కొన్ననాడే సీటు వెనుక నుంచి తిప్పి తగిలించేసి, దానికి ఆనుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నారు.

మిగిలింది డబుల్ కాట్ పరుపు. అయిదడుగుల వెడల్పున్న ఆ పరుపు కారు పైకప్పును పూర్తిగా కప్పేసి, ముందు అద్దం మీదికి కొంచెం, వెనుక బంపరు దగ్గరికి చాలానూ వేలాడింది. కారుకు పైన క్యారియరు లేదు. అందుచేత బావగారు పాత ఇంట్లో ఎప్పటినుంచో పడి ఉన్న చేదతాడు తెచ్చి, పరుపు మీదుగా వేసి, కిటికీల్లోంచి లోపలికి తీసి, కారు కడుపులోంచి అవతలి కిటికీకి పంపి, మళ్ళీ పైకి తెచ్చి, రెండు చుట్లు ముందూ రెండు చుట్లు వెనుకా బిగించి, అమోఘమైన ముడులు వేశారు. తలుపులు తెరిచి ఉంచి ఆ సందులోంచి తాడు పోనిచ్చి ఉంటే సరిపోయేది. కిటికీల్లోంచి పోనివ్వడం వల్ల కారు నాలుగు తలుపులూ దాని శరీరానికి కట్టుబడిపోయాయి. ఈ సంగతి ఆయన తలుపు పిడి లాగినప్పుడు బయటపడింది. ముడి విప్పుదామంటే ముహూర్తానికి ఆలస్యమవుతుంది. బావగారు ఒక్క క్షణం ఆలోచించి, చెప్పులు ముందుగా లోపలికి విసిరి, తల దూర్చి, తాడు కిందుగా భుజాలు దూర్చి, అక్కడ ఆగిపోయారు. మేనల్లుడూ నేనూ చెరొక కాలూ పట్టుకుని, ధాన్యపు బస్తాను గాదెలోకి తోసినట్టు, ఆయన్ని లోపలికి తోశాము.

ఆయన ముందూ, స్కూటరు మీద మేమిద్దరం వెనుకా బయలుదేరాము. రివర్సు గేరు వేసిన ప్రతిసారీ వెనుక వేలాడుతున్న పరుపు అంచును అడ్డుగోడగా భావించి పార్కింగు సెన్సారు గగ్గోలు పెట్టింది. పంజాగుట్ట దాకా రద్దీ పుణ్యమా అని కారు నిదానంగానే నడిచింది. సన్నటి ముసురు మొదలైంది. కిటికీలు మూసే వీలు లేదు కనుక బావగారు కుడివైపున, జాడీ ఎడమవైపున తడుస్తూ సాగారు. ఎర్రగడ్డ దాటి భరత్‌నగర్ వంతెన ఎక్కేసరికి రోడ్డు ఖాళీగా దొరికింది, ఆయన కాలికి హుషారు వచ్చింది. వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలవుతుందన్నది ఆయన ఎరగని సూత్రమేమీ కాదు, కాని ఆ సూత్రం మన పరుపుకు కూడా వర్తిస్తుందని మనకు సాధారణంగా తోచదు. పరుపు ముందు అంచు మెల్లగా లేచింది. తాడు నడుము దగ్గర పట్టి ఉంచింది కనుక అది పూర్తిగా ఎగిరిపోకుండా, తెరచాప ఎత్తినట్టు నిలువునా లేచి నిలబడింది. బావగారు కుడిచేయి కిటికీలోంచి బయటికి పెట్టి దాని అంచు పట్టుకున్నారు. మన రోడ్ల మీద పరుపు మోసే ప్రతి కారులోంచీ ఇలాంటి చేయి ఒకటి బయటికి వచ్చి ఉంటుంది; ఆ చేయి నిజంగా ఆపగలిగినది ఏమిటో నాకు నేటికీ అర్థం కాలేదు.

వంతెన దిగి మూసాపేట దగ్గరికి వచ్చేసరికి ఎదుట ట్రాఫిక్ కానిస్టేబులు చేయెత్తాడు. బావగారు గట్టిగా బ్రేకు వేశారు. కారు ఆగింది, ఇడ్లీ పిండి ఆగలేదు. గిన్నె మూత ఒక దారినీ పిండి ఒక దారినీ ప్రయాణించి, రాత్రంతా పులిసి పొంగిన ఆ పిండి సగం ఆయన మెడ వెనుకా, సగం అద్దం మీదా స్థిరపడింది. ఒక పుస్తకాల పెట్టె ఆయన సీటు వీపును ఢీకొని ఆగింది. బెల్టు పెట్టుకున్న ఆవకాయ జాడీ మాత్రం గుడ్డ అంచైనా చెదరకుండా కూర్చుని ఉంది.

"జర బండి దిగుండ్రి సార్" అన్నాడు కానిస్టేబులు.

"దిగలేనండీ" అన్నారు బావగారు.

"ఏమైంది? దెబ్బ తాకిందా?"

"లేదు. తలుపులు కట్టేసి ఉన్నాయి."

"ఎవరు కట్టిన్రు?"

"నేనే."

కానిస్టేబులు వంగి లోపలికి తొంగి చూశాడు. మెడ మీది పిండినీ, జాడీనీ, జాడీ బెల్టునూ, బావగారి వెనుక తగిలించి ఉన్న బెల్టునూ వరసగా పరిశీలించాడు. "పచ్చడికి బెల్టు పెట్టిన్రు, మంచిగుంది. మరి మీదేంది సార్, ఎనుక పెట్టుకున్నరు?" అన్నాడు. బావగారికి జవాబు దొరకని ప్రశ్న నేను విన్నది అదొక్కటే. బండి కొలతలు దాటి బయటికి పొడుచుకొచ్చే సామానుకు మోటారు వాహనాల చట్టం 194వ సెక్షనులో 2019 సవరణతో 20,000 రూపాయల జరిమానా రాసి ఉందని మేనల్లుడు నా చెవిలో చెప్పబోయి, కొంచెం గట్టిగా చెప్పాడు. నేను వాడి కాలు తొక్కాను. అదృష్టవశాత్తు కానిస్టేబులు దయగలవాడు. "ముందుగాల ఆ పరుపు దించుండ్రి, మిగతా ముచ్చట తర్వాత" అని ఊరుకున్నాడు.

దించడానికి ముడి విడిపోవాలి కదా! నారతాడు నీరు పీల్చుకుంటే ఉబ్బుతుంది, ఉబ్బిన ముడి వేళ్ళకూ పళ్ళకూ కూడా లొంగదు. కత్తిపీట ఉంది కాని అది దిండ్ల కింద ఉంది. దిండ్లు బక్కెట్ల కిందా, బక్కెట్లు పుస్తకాల కిందా ఉన్నాయి. చివరికి రోడ్డు పక్కన కొబ్బరిబొండాలు అమ్మే మనిషిని బతిమాలితే అతను తన కత్తితో వచ్చి రెండు దెబ్బల్లో తాడు తెంచాడు. పరుపు తన బిగువు సడలిన సంతోషంతో ఒక్కసారి పైకి లేచి, పక్కకు దొర్లి, తిన్నగా వెళ్ళి అతని బొండాల గుట్ట మీదే వాలింది. గెల చెదిరి కాయలు మెట్రో స్తంభాల దాకా పరుగు తీశాయి. బావగారు బయటికి వచ్చీ రాకముందే వాటి ఖరీదు చెల్లించవలసి వచ్చింది.

అదే సమయంలో, నిజాంపేటలో సామాను దించి ఖాళీగా తిరిగి వస్తున్న మా ట్రాలీ అతను అవతలి రోడ్డు మీది నుంచి ఈ దృశ్యం చూసి, ముందున్న మలుపు దాకా వెళ్ళి తిప్పుకుని వచ్చాడు. అతను ఒక్క మాటా అనలేదు. రెండో ట్రిప్పుకు మొన్న చెప్పిన ధరే మళ్ళీ చెప్పాడు. ఒక్క పరుపుకు అంత అడగడం న్యాయమా అని బావగారు లెక్క మొదలుపెట్టబోయారు గాని, కానిస్టేబులు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడని గుర్తొచ్చి జేబులో చేయి పెట్టారు. పరుపూ, దానితో పాటు పుస్తకాల పెట్టెలూ ట్రాలీ ఎక్కి వెళ్ళిపోయాయి.

డబ్బులిచ్చిన బొండాలను వదిలి వెళ్ళడానికి బావగారి మనసొప్పలేదు, కారులో పెడదామంటే అక్కడ పిండి ఉంది. అందుచేత మేము ముగ్గురం ఫుట్‌పాత్ మీద నిలబడి వాటిని ఒక్కొక్కటిగా కొట్టించుకుని తాగుతూండగా అక్క ఫోను చేసింది. పాలు పొంగాయనీ, పరుపు వచ్చి అరగంట దాటిందనీ, అత్తగారు జాడీ కోసం గుమ్మంలోనే నిలబడి ఉన్నారనీ, అసలు మేమెక్కడున్నామనీ అడిగింది. బావగారు గడ్డం తుడుచుకుని, దారిలో చిన్న పని తగిలిందనీ, జాడీ క్షేమమనీ, ఇంకా నాలుగు బొండాలు మిగిలాయనీ, అవి కాగానే బయలుదేరతామనీ చెప్పారు.