ఏకాదశి ఉపవాసం, లాక్రాస్ ఫలహారం

ఏకాదశి నాడు అన్నం ముట్టనని నియమం పెట్టుకుని, పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పెసరట్టు, రాత్రికి రవ్వ ఇడ్లీ లాగించే పెద్దమనుషులు మనకు కొత్త కాదు. ఇదే ఉపవాసాన్ని అమెరికాలో పదకొండు కాలేజీలు కలిసి, తీర్మానం రాసుకుని మరీ పట్టాయి. ఆ వ్రతం పేరు న్యూ ఇంగ్లండ్ స్మాల్ కాలేజ్ అథ్లెటిక్ కాన్ఫరెన్స్. పొట్టిగా నెస్కాక్. ఆటల పోటీల కోసం కట్టుకున్న కూటమి. 1971లో పుట్టింది. చదువు ముందు, ఆట వెనక అన్నది సంకల్పం.

పేరు దగ్గరే తడబాటు. న్యూ ఇంగ్లండ్ అన్నారు, మొదటి పదకొండింటిలో హామిల్టన్, యూనియన్ రెండూ ఆ ప్రాంతంలో చేరని న్యూయార్క్ రాష్ట్రంలోవి. చిన్న కాలేజీలన్నారు, అందులో టఫ్ట్స్ ఏకంగా విశ్వవిద్యాలయం. హాకీ ఆటగాళ్లను తెచ్చుకునే గొడవలో యూనియన్ 1977లో లేచిపోయింది. 1982లో కనెక్టికట్ కాలేజీ వచ్చి ఖాళీ పీట మీద కూర్చుంది.

ఇక అప్పటి వ్రతవిధానం. దేశంలోని కాలేజీ ఆటలను నడిపే సంఘం ఎన్‌సీఏఏ. జట్టుగా దాని జాతీయ టోర్నమెంటుకు పోరాదు, చదువు చెడుతుంది. తూర్పు ప్రాంతపు కాలేజీల సంఘం ఈసీఏసీ నడిపే ప్రాంతీయ టోర్నమెంటుకు పోవచ్చు, చదువు చెడదు. ఎలా చెడదని అడక్కండి, అది ఫలహారం. పైగా లాక్రాస్, అంటే కర్ర చివరి వలతో బంతి పట్టి విసిరే ఆట, అందులో పురుషుల జాతీయ ఫైనల్ జరిగేది మే నెలాఖరున, మెమోరియల్ డే వారాంతంలో. అప్పటికి పరీక్షలు దాదాపు ముగిసే ఉంటాయి. చెడడానికి చదువేదీ? అవతల హోబర్ట్, అదీ చిన్న కాలేజే, 1980 నుంచి 1991 దాకా డివిజన్ త్రీ, అంటే ఆటకు స్కాలర్‌షిప్పులివ్వని కాలేజీల తరగతి, లాక్రాస్ కప్పును వరసగా పన్నెండేళ్లు ఎత్తుకుపోయింది. హోబర్ట్ పిల్లలు అక్షరం ముక్క రాక వీధిన పడ్డారని ఎవరూ అనలేదు.

1993లో మూడేళ్ల ప్రయోగమంటూ నెస్కాక్ వాళ్లు జాతీయ టోర్నమెంటుకు తలుపు ఓరగా తీశారు. అంతే. 1997లో కూటమిలోని మిడిల్‌బరీ కాలేజీ అమ్మాయిలు లాక్రాస్ కప్పు కొట్టారు. 2000, 2001, 2002లో వాళ్ల అబ్బాయిలు. టఫ్ట్స్ 2010లో, 2014లో, 2015లో, మళ్లీ 2024లో, 2025లో. మధ్యలో 2018లో వెస్లియన్. ఆకలి లేనివాడి తిండి ఇలాగే ఉంటుంది కాబోలు. అమెరికన్ ఫుట్‌బాల్‌ను మాత్రం ఆ తర్వాత కూడా దశాబ్దాలపాటు పస్తు పెట్టారు. ఏ ఆటతో ఎంత చదువు చెడుతుందో కొలిచే తరాజు ఎవరి దగ్గరుందో!

అసలు వినోదం కెప్టెన్ ప్రాక్టీసు, అంటే కోచ్ లేకుండా ఆటగాళ్లే చేసుకునే సాధన. వసంతకాలపు ఆటలకు కోచ్ సమక్షంలో సాధన మొదలుపెట్టే తేదీ చాలాకాలం ఫిబ్రవరి 15. అంతకుముందు కోచ్ మైదానంలో కనిపిస్తే మైల. అయితే లాక్రాస్ కుర్రాళ్లు తమంతట తాము, కేవలం ఇష్టంకొద్దీ, ఒకే వేళకి, ఒకే చోటికి, హెల్మెట్లతో సహా వచ్చేస్తారు. డిఫెన్స్ వాళ్లు ఆరడుగుల దాకా ఉండే పొడుగు కర్రలతో, మిగతావాళ్లు 40 అంగుళాల పొట్టి కర్రలతో, గోలీ పెద్ద వలతో. ఇది యాదృచ్ఛికం. రాకపోయినా ఎవరూ ఏమీ అనరు. రానివాడి పేరు మాత్రం అందరికీ గుర్తుంటుంది. ఈ కాలేజీల్లో కొన్నున్న మెయిన్ రాష్ట్రంలో అప్పటికి మంచు కరిగి ఉండదు. తడిసిన నైలాన్ వల సాగి, బంతి కూర్చునే జేబు లోతవుతుంది. అందులో బంతి ఒక్క క్షణం ఆలస్యంగా వదులుతుంది, విసిరిన పాసు జతగాడి చేతికి బదులు కాళ్ల దగ్గర గుచ్చుకుంటుంది. తాళ్లు బిగించుకోరా అని చెప్పాల్సిన ఒక్క మనిషికీ అక్కడికి వచ్చే హక్కు లేదు. ఆయన కిటికీ పక్కన పుస్తకం తిరగేస్తూ, తల ఎత్తకుండా, అంతా చూడకుండా చూస్తుంటాడనుకోవాలి. చదువు ముందు కదా.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ ఈ శుచి కబుర్లు ఏ ఆట మీద? లాక్రాస్ హౌడెనొషోనీలది, అంటే ఉత్తర అమెరికాలోని ఆరు ఆదివాసీ జాతుల కూటమిది. అది సృష్టికర్త ఇచ్చిన ఆట, రోగాన్ని మాన్పే ఆట అని వాళ్ల నమ్మకం. ఆ ఆరు జాతుల్లో ఒకటైన ఒనైడాల గడ్డమీద, ఒనైడా పిల్లలకూ వలస తెల్లవాళ్ల పిల్లలకూ కలిపి చదువు చెబుతామని 1793లో తెరిచిన హామిల్టన్-ఒనైడా అకాడమీయే నేటి హామిల్టన్ కాలేజీ. పేరులోంచి ఒనైడా రాలిపోయింది. ఒనైడా పెద్ద స్కెనాండోవా సమాధి మాత్రం కాలేజీ శ్మశానంలో మిగిలింది. 1880లో కెనడా లాక్రాస్ సంఘం ఆట పుట్టించిన ఆ జనాన్నే పెద్ద పోటీలనుంచి వెళ్లగొట్టింది. డబ్బు తీసుకుని ఆడతారట! దారి ఖర్చులకు చిల్లిగవ్వ ఇవ్వకుండా ఆడమనడానికి సిగ్గులేనివాళ్లకు, తీసుకున్నవాళ్లే మైలపడ్డట్టు కనిపించారు. డబ్బున్నవాడు ఆడితే శీలం, లేనివాడు ఆడితే బేరమా?

ఇదే కాన్ఫరెన్సులోని ఆమ్‌హర్స్ట్ కాలేజీ సంగతి చూడండి. కాలేజీ ఉన్న ఆమ్‌హర్స్ట్ ఊరికి పేరిచ్చిన జెఫ్రీ ఆమ్‌హర్స్ట్ 1763లో, మశూచి దుప్పట్లతో ఆదివాసులకు రోగం అంటించడాన్ని సమర్థిస్తూ ఉత్తరాలు రాసిన బ్రిటిష్ సైన్యాధిపతి. అదే ఏడాది జూన్‌లో ఒజిబ్వేలనే మరో ఆదివాసీ జాతివాళ్లు బ్రిటిష్ వాళ్ల మిషిలిమాకినాక్ కోట ముందు ఈ కర్రాబంతి ఆటే ఆడుతూ, బంతి వెంటపడ్డట్టు లోపలికి దూరి కోట పట్టుకున్నారు. ఆ కాలేజీ జట్లేమో 2016 దాకా లార్డ్ జెఫ్స్ అని పిలిపించుకుంటూ, ఆ జనం ఆటే ఆడాయి. చదువు ముందన్న కాన్ఫరెన్సులో, ఆ పేరు వెనక ఏముందో చదవడానికి అన్నేళ్లు పట్టింది!

2017లో కొత్త పేరు పెట్టుకున్నారు: మామత్‌లు, అంటే మంచుయుగపు బొచ్చు ఏనుగులు. మామత్‌లు ఎప్పుడో అంతరించాయి గనక, అభ్యంతరం చెప్పడానికి వాటి తరఫువాళ్లెవరూ రాలేదు.