ఏ వయసుకు ఏ కథ: కెనడా మూలవాసీ రచయితల జవాబు

కెనడా గవర్నర్ జనరల్ సాహిత్య పురస్కారాల్లో, 2017లో ఇంగ్లీషు బాలసాహిత్య విభాగాలు రెండూ మూలవాసీ రచయితలకే దక్కాయి. ఒకటి మేటీ (మూలవాసీ, యూరోపియన్ మిశ్రమ మూలాలున్న జాతి) రచయిత్రి షెరీ డిమలైన్ నవల ‘ద మారో థీవ్స్’. రెండోది క్రీ అనే మూలవాసీ జాతికి చెందిన రచయిత డేవిడ్ రాబర్ట్‌సన్ రాయగా జూలీ ఫ్లెట్ బొమ్మలు వేసిన ‘వెన్ వి వర్ అలోన్’. మొదటిది పదో తరగతి ఈడు వారికి, రెండోది అప్పుడే అక్షరాలు కూడబలుక్కుంటున్న పిల్లలకు. సుమారు లక్షా యాభై వేల మంది మూలవాసీ పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, వారి భాషనూ ఆచారాలనూ మాన్పించడానికి ప్రభుత్వ నిధులతో, చర్చిల నిర్వహణలో 1990ల దాకా సాగిన రెసిడెన్షియల్ స్కూళ్ల చరిత్రే రెండింటికీ మూలం.

ఆ చరిత్రను ఒంటిమీద భరించిందే పిల్లలు కాబట్టి, చిన్నవాళ్లకు తెలియనివ్వకూడదన్న వాదనకు ఈ రచయితల దగ్గర చోటు లేదు. ఎంతవరకు చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదానిపై మాత్రం ఒక్కో పుస్తకానిది ఒక్కో దారి. కెనడా కొత్త కథాసాహిత్యంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ఈ తర్జనభర్జనే.

రాబర్ట్‌సన్ పుస్తకంలో మనవరాలు అవ్వను అడిగేవి చాలా మామూలు ప్రశ్నలు: ఇన్ని రంగుల బట్టలు ఎందుకు కడతావు, జుట్టు ఇంత పొడవు ఎందుకు పెంచావు అని. బడిలో అందరికీ ఒకే తీరు బట్టలు వేసేవారనీ, జుట్టు కత్తిరించేశారనీ, క్రీ భాష మాట్లాడనిచ్చేవారు కాదనీ అవ్వ చెబుతుంది. ఎవరూ చూడనప్పుడు తాము పొడవాటి గడ్డిపోచలను కురచ జుట్టులో కలిపి అల్లుకునేవాళ్లమనీ చెబుతుంది. దెబ్బల ప్రస్తావన అవసరం లేకుండానే ఏం పోయిందో బిడ్డకు అర్థమవుతుంది.

డిమలైన్ అంత సున్నితంగా చెప్పదు. వాతావరణం తలకిందులైన భవిష్యత్తులో జనం కలలు కనలేకపోతారు. ఆ శక్తి మిగిలిన మూలవాసులను, కలలు దాగి ఉండే వారి ఎముక మజ్జ కోసం వేటాడతారు, అందుకు పాత బడుల పద్ధతే మళ్లీ వస్తుంది. ఉత్తరదిక్కుకు పారిపోతున్న చిన్న గుంపుకు మిగ్ అనే పెద్దాయన తమవారి కథ చెబుతుంటాడు, కానీ ఏడేళ్ల రిరిని వినేవాళ్లలో చేర్చుకోరు. ఏ వయసులో చెప్పాలన్న ప్రశ్న అలా నవలలోపలికే వచ్చింది. తెలియకుండా ఉంచినంత మాత్రాన రిరికి రక్షణ దొరకదు. ముగింపులోని కలయిక కాస్త అనుకూలంగా అమరిందనిపించినా, ఈ ఒక్క అల్లిక వల్ల ఆ నవలకు నేను పెద్దపీట వేస్తాను.

పెద్దల నవలలు ఇంతకన్నా కఠినంగా ఉంటాయనుకుంటే పొరపాటు, వాటి తేడా కాలంలో ఉంది. మిషెల్ గుడ్ 2020 నవల ‘ఫైవ్ లిటిల్ ఇండియన్స్’ బడి గోడల కన్నా, అక్కడి నుంచి బయటపడ్డ ఐదుగురు వాంకూవర్‌లో ఈడ్చిన తర్వాతి ఏళ్ల మీదే ఎక్కువగా నిలుస్తుంది. పిల్లల పుస్తకం గాయం వేళను చూపితే, ఇది దాని శేషజీవితాన్ని చూపుతుంది. వాబ్‌గెషిగ్ రైస్ 2018 నవలలో చలికాలంలో కరెంటు, ఫోన్లు ఆగిపోయిన అనిషినాబే అనే మూలవాసీ జాతి వారి పల్లెలో ఒక ముసలామె, తమ లోకం ఎప్పుడో అంతమైందనీ, ఇది కొత్తేమీ కాదనీ అంటుంది. పెద్దల అరలో అమ్మే ఈ పుస్తకాన్ని పదహారేళ్లవాళ్లకు నేను నిస్సంకోచంగా ఇస్తాను.

టొరంటో జిల్లా స్కూల్ బోర్డు 11వ తరగతి తప్పనిసరి ఇంగ్లీషు పాఠ్యాంశంగా మూలవాసీ రచనల కోర్సును పెట్టాలని 2023లో నిర్ణయించింది. ఆ నగరంలో చదివే తెలుగు పిల్లలకూ ఇది పరీక్ష పాఠమే. పుస్తకం ఇంటికొచ్చినప్పుడు, ముందు తల్లిదండ్రులు చదివితే, పిల్లలతో మాట్లాడటానికి వాళ్లకీ ఏదైనా ఉంటుంది.