సవరణ: గోల్డ్‌ఫిష్‌కి తెల్ల చుక్కలు, ఉప్పు వైద్యం

గోల్డ్‌ఫిష్ ఒంటి మీద తెల్ల చుక్కలు కనిపిస్తే లీటరుకు 3 గ్రాముల చొప్పున ఉప్పు వేయమని, నీళ్ళు మార్చిన ప్రతిసారీ మళ్ళీ అంతే వేయమని, చుక్కలు పోగానే ఆపేయమని కిందటి పోస్టులో ఉంది. మోతాదు సరైనదే. మిగతావి మార్చాలి.

ఉప్పు ఒక్కసారే గుమ్మరించకండి. లీటరుకు గ్రాము చొప్పున, 12 గంటలకోసారి, మొత్తం మూడుసార్లు, విడిగా నీళ్ళలో కరిగించి పోయండి. నీళ్ళు ఆవిరైనా ఉప్పు తొట్టిలోనే ఉంటుంది. కాబట్టి 40 లీటర్ల తొట్టిలో 10 లీటర్లు మారిస్తే 30 గ్రాములే కలపాలి. బతికున్న మొక్కలుంటే ముందే తీసేయండి, ఆ ఉప్పుకి చాలావరకు తట్టుకోలేవు.

చుక్కలు మాయమైతే జబ్బు తగ్గినట్టు కాదు. ఈ చుక్కలకు కారణమైన పరాన్నజీవి చేప చర్మం కింద ఉన్నంతసేపూ ఉప్పుకి గానీ మందుకి గానీ చిక్కదు. చేపను వదిలి, తొట్టి అడుగున వందల పిల్లలుగా విడిపోయి, అవి నీళ్ళలో ఈదుతున్నప్పుడే చస్తాయి. చివరి చుక్క పోయాక కూడా కనీసం వారం కొనసాగించండి.

ఇంకో ముఖ్యమైన సంగతి. చుక్కలు మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచున మాత్రమే గట్టిగా, వరసగా ఉంటే టెన్షన్ పడకండి. ఈడుకొచ్చిన మగ చేపల్లో అది మామూలే, దానికి ఏ వైద్యమూ వద్దు. జబ్బయితే తోక, వీపు అని లేకుండా ఎక్కడపడితే అక్కడ వస్తాయి, చేప రాళ్ళకి ఒళ్ళు రుద్దుకుంటుంది.