హిమాలయన్ పింక్ సాల్ట్ గారికి, కూకట్‌పల్లి నుంచి

పింక్ సాల్ట్ గారూ,

నమస్తే అండీ. మా వంటింట్లో స్టవ్ పక్కన గాజు జార్‌లో బెడ్‌ల్యాంప్ లాగా గులాబీ రంగులో మెరిసిపోతూ కూర్చున్నారు, బాగుంది. పాత అయోడిన్ ఉప్పు ప్యాకెట్ మాత్రం సింక్ కింద ఫినాయిల్ సీసా పక్కకి ట్రాన్స్‌ఫర్ అయింది, ఏం తప్పు చేసిందో దానికే తెల్వదు పాపం.

మీరు మా ఇంట్లోకి ఎట్ల వచ్చారో గుర్తుందా? పొద్దున పార్కులో మామయ్య గారి వాకింగ్ బ్యాచ్‌లో ఒకాయన చెప్పారట, మీలో 84 ఖనిజాలు ఉన్నాయని, బీపీకి మంచిదని, థైరాయిడ్ కూడా దానంతట అదే సెట్ అయిపోతుందని. మీలో 97, 98 శాతం మామూలు సోడియం క్లోరైడే ఉంటదనీ, బీపీకి మీరూ ఆ సింక్ కింద ప్యాకెట్టూ ఒక్కటేననీ ఆయనకి ఎవరు చెప్పాలి? మిగిలిన రెండు శాతంలోనే ఆ 84 మందీ సర్దుకోవాలి, అమీర్‌పేట హాస్టల్ రూమ్ కూడా నయం. ఇంత మందిలో థైరాయిడ్ గ్రంథికి అసలు కావల్సిన అయోడిన్ మాత్రం దాదాపు లేదు. కొన్ని కంపెనీలు కలిపి అమ్ముతాయి, అప్పుడు ప్యాకెట్ మీద రాసి ఉంటది, మీ మీద అయితే యోగా చేసే బొమ్మ తప్ప ఏం లేదు.

పెద్దవాళ్ళకి రోజుకి కావల్సిన అయోడిన్ 150 మైక్రోగ్రాములు అంతే, చిటికెలో చిటికె కూడా కాదు. మన దేశంలో అయోడిన్ ఉప్పు ఇంటికొచ్చేసరికి అందులో కనీసం 15 పీపీఎం (పది లక్షల్లో 15 వంతులు) అయోడిన్ ఉండాలని రూల్. అంటే గ్రాముకి 15 మైక్రోగ్రాములు. బీపీ ఉన్న పెద్దాయన ఉప్పు తగ్గించి 5 గ్రాములే తింటున్నారంటే 75 వస్తది, మిగతాది పాలు, పెరుగు, గుడ్డు, చేప చూసుకోవాలి. తినేదే తక్కువ ఉప్పు, ఆ కాస్త కూడా మీరే ఆక్రమిస్తే ఎట్లండీ?

అన్నిటికన్నా నాకు నవ్వొచ్చేది మీ ఇంటిపేరు. మిమ్మల్ని ఎక్కువగా తవ్వేది పాకిస్తాన్ పంజాబ్‌లోని ఖేవ్రా గనుల్లో, పెట్టుకున్నది హిమాలయాల పేరు. సరే, ఆ హిమాలయాల సంగతే మాట్లాడుకుందాం. అక్కడి మట్టిలో అయోడిన్ లేక లోయలకి లోయలే గొంతు దగ్గర వాపుతో బతికాయి. 1956లో హిమాచల్ వైపు కాంగ్రా లోయలో కొన్ని ఊళ్ళకి అయోడిన్ ఉప్పు, కొన్నిటికి మామూలు ఉప్పు ఇచ్చి ఏళ్ళ తరబడి చూసి, వాపు తగ్గుతుందని తేల్చిన వాళ్ళలో ముఖ్యమైన ఆయన మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి గారు. 1962లో గాయిటర్, అంటే ఆ గొంతు వాపు, నివారణకి జాతీయ కార్యక్రమమే మొదలైంది. ఇక్కడ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళేమో అయోడిన్‌తో పాటు ఐరన్ కూడా కలిపిన ఉప్పు తయారు చేసి చూపించారు. ఇంత చేస్తే మేం ఏం చేశాం? హిమాలయాల పేరు చూసి, హిమాలయాల లోటునే ఎక్కువ రేటుకి కొని మెట్రో ఎక్కించి తెచ్చుకున్నాం.

కథ ఇక్కడితో ఆగితే బాగుండు. మీరొచ్చాక ఫోన్‌లో ఇంకో ఫార్వర్డ్, "థైరాయిడ్‌కి సహజ అయోడిన్" అని సముద్రపు నాచు క్యాప్సూల్స్. మా అత్తమ్మ ఒక చేత్తో ఉప్పులోంచి అయోడిన్ తీసేసి ఇంకో చేత్తో ఆన్‌లైన్లో అయోడిన్ ఆర్డర్ పెట్టింది, అది కూడా ఎంతుంటదో తెల్వని డోసు, ఒక్కో డబ్బాలో ఒక్కో లెక్క. వయసు మీద పడ్డవాళ్ళకి గొంతులో ఏళ్ళ నాటి గడ్డలు ఉండొచ్చు, వాటి మీద ఒక్కసారిగా అయోడిన్ పడితే థైరాయిడ్ విపరీతంగా పనిచేసి గుండె దడ, బరువు తగ్గడం మొదలవొచ్చు. ఇంకొందరికి ఉల్టా, ఉన్న గ్రంథి కూడా మందగిస్తది. పైగా హైదరాబాద్‌లో మనం రోజూ చూసే "థైరాయిడ్ తక్కువ" కేసుల్లో చాలావాటికి కారణం అయోడిన్ లేకపోవడం కానే కాదు, ఒంట్లో రక్షణ వ్యవస్థే గ్రంథి మీద దాడి చేయడం. దానికి మీరూ పనికిరారు, నాచూ పనికిరాదు, పొద్దున్నే ఖాళీ కడుపుతో వేసుకునే ఆ చిన్న థైరాయిడ్ మాత్రే దిక్కు. మా అత్తమ్మ ఆ మాత్రని ఫిల్టర్ కాఫీతో, క్యాల్షియం గోలీతో కలిపి మింగుతది, అది వేరే లేఖ, కాఫీకి రాస్తా.

అందుకని పింక్ సాల్ట్ గారూ, మీ డ్యూటీ మారింది. ఏకాదశి ఉపవాసానికి, జామకాయ ముక్కల మీదకి మీరే. పప్పు, చారు, కూర మాత్రం మళ్ళీ సింక్ కింద ఆయనకే, మూత గట్టిగా పెట్టి, తడి తగలకుండా, స్టవ్ వేడికి దూరంగా. నాచు డబ్బా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నా, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) రిపోర్ట్‌తో పాటు టేబుల్ మీద పెడతా. అత్తమ్మ అలిగితే మీరు మధ్యలో మాట్లాడొద్దు.

ఇట్లు,
మీ జార్ తుడిచే కోడలు